మూడు గళ్ళ కవరు

ఆస్పత్రి వరండాలో ఆ సోమవారం నర్సమ్మ అడిగిన పది ప్రశ్నలకీ పది సరైన జవాబులు చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్ప చెప్పుకోవడం కాదు. నా ముందు జవాబులిచ్చినవాళ్ళని చూస్తే అందులో గొప్పేమీ లేదని ఎవరికైనా తెలుస్తుంది.

నెలకోసారి రక్తపోటు మాత్రల కోసం నేను ఆ వరండాలో బెంచీ మీద కూర్చుంటాను. ఆ రోజు లైను పక్కన ఒక టేబులు వేసి, దాని మీద ఖాళీ మందుపెట్టెలూ సీసాలూ కవర్లూ పరిచి, నలభై దాటిన నర్సమ్మ ఒకామె కాగితాలు ముందేసుకుని కూర్చుంది. మందుల మీద రాసి ఉన్నది జనానికి ఎంతవరకు అర్థమవుతోందో లెక్క తీయమని పైనుంచి చెప్పారట. దానికి కాగితాలెందుకు? ఆ బెంచీ మీద ఒక్క పూట కూర్చుంటే చాలు.

మొదట ఒక తాపీమేస్త్రీ. మోచేతి దాకా సిమెంటు ఎండిపోయి ఉంది.

"రోజుకు మూడుసార్లు అని ఉందండీ దీని మీద. మీరెలా వేసుకుంటారు?"

"పొద్దున్నే మూడూ వేసేసుకుంటానమ్మా. పనిలో పడితే గుర్తుండి చావదు."

"మూడూ ఒక్కసారేనా?"

"లోపలికెళ్ళాక ఎలాగూ కలిసిపోయేవేగా!"

వెనక నిలబడ్డవాళ్ళు తలలూపారు. ఒక్కడు నవ్వి ఉంటే నాకు అంత ఒళ్ళు మండేది కాదు. అందరూ అవునన్నట్టు తలలూపారు.

తరవాత చంకలో పిల్లతో ఒకావిడ. 'బాగా కుదిపి వాడాలి' అని సీసా మీద ఉన్నది తడుముకోకుండా చదివింది. చదివి, "మేం మాత్రం కుదపమండీ. కుదిపితే నురగొచ్చి మందులో పవరంతా పోతుంది" అంది. ఎవరు చెప్పారంటే మా అత్తగారంది. అత్తగారికి ఎవరు చెప్పారో రాసుకోవడానికి నర్సమ్మ కాగితంలో చోటు లేదు. ఆవిడ వెనక గొడుగులు బాగుచేసేవాడు గడువు తేదీ సంగతి చెప్పాడు. అది అమ్మేవాడికోసం వేసిందట. ఆ లోపల అమ్ముకోవాలి గానీ, కొనేశాక మనకేం సంబంధం అన్నాడు.

ఒక బడిపంతులొచ్చాడు. కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని, పెట్టెలో మడతపెట్టి ఉండే పొడుగాటి కాగితం తను మొదట్నుంచి చివరిదాకా చదువుతానన్నాడు. నర్సమ్మ ముఖం వెలిగింది.

"చదివి ఏం చేస్తారు సార్?"

"ఆ మందు మానేస్తాను. అందులో రాసిన బాధలన్నీ సాయంత్రానికల్లా నాకు మొదలవుతాయి."

సంతకం కూడా రాని మేస్త్రీ మందు మింగనైనా మింగాడు. ఈయన అంత చదువూ చదివి అది కూడా చేయలేదు.

నాది పల్లెటూరి బడి చదువు. ఏడో తరగతితో ఆపేశారు. అయినా నర్సమ్మ చూపించినవన్నీ చదివాను, అడిగినవన్నీ చెప్పాను. పరగడుపున అంటే ఏమిటో, కోర్సు మధ్యలో ఎందుకు ఆపకూడదో, కళ్ళలో వేసే మందు మూత తీశాక ఎన్నాళ్ళు పనికొస్తుందో. పదో ప్రశ్నకి ఆమె ఒక కాగితపు కవరు తీసింది.

"దీని మీద గుర్తులేమిటో చెప్పండి."

నేను నవ్వాను. "అది నాదేనమ్మా."

"మీదంటే?"

"నేనే అచ్చు వేశాను. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో చేశాను. ఈ వీధుల్లో ఏ మందులషాపులో ఏ కవరు తీసినా నా చేతి మీదుగా పోయిందే."

మూడు గళ్ళు. ఒకదాంట్లో పొడుస్తున్న పొద్దు, ఒకదాంట్లో నడినెత్తి సూర్యుడు, ఒకదాంట్లో నెలవంక. షాపువాడు ఏ గడిలో టిక్కు పెడితే ఆ పూట వేసుకోవాలి. అక్షరం ముక్క రానివాడు కూడా తప్పు చేయకుండా ఉండాలని ఆ బొమ్మలు నేనే గీయించాను. ఆస్పత్రి ఎదురుగా ఉన్న మందులషాపువాడు ఒకసారి నాతో అన్నాడు, గళ్ళ కింద పెన్నుతో రాసుకోవడానికి ఒక ఖాళీ గీత పెట్టమని. గళ్ళు కవరు నిండా ఉన్నాయి. గీతకి చోటు కావాలంటే అచ్చు బ్లాకు మార్చి గళ్ళు చిన్నవి చేయాలి. "ఎవడు చదువుతాడయ్యా? నీ దగ్గరికొచ్చేవాళ్ళకి ఆ సూర్యుడూ చంద్రుడే ఎక్కువ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పట్లో మా మధ్య మాటలుండేవి.

ఇప్పుడు లేవు. నాలుగేళ్ళ క్రితం వాడు నా భార్యని చంపాడు.

ఆమెకి కీళ్ళజబ్బు. వేళ్ళు వంకర తిరిగి, గుండీలు నేను పెట్టాల్సి వచ్చేది. డాక్టరు ఒక చిన్న పసుప్పచ్చ మాత్ర రాశాడు. అది వారానికి ఒక్కటే వేసుకోవలసిన మాత్ర. ఆ సంగతి నాకెవడూ చెప్పలేదు. షాపువాడిచ్చిన కవరు మీద పొద్దుటి గడిలో టిక్కు ఉంది. పది మాత్రల షీటు. రోజూ పొద్దున్నే మంచినీళ్ళ గ్లాసుతో సహా నా చేత్తో ఇచ్చాను. నాలుగో రోజుకి నోరంతా పుండయింది. వేడి చేసిందనుకున్నాం. తొమ్మిదో రోజు ముక్కులోంచి రక్తం కారింది. పదమూడో రోజుకి మనిషి లేదు. "రోజూ ఇచ్చారా?" అని డాక్టరు అడిగిన తీరు ఇంకా నా చెవిలోనే ఉంది.

కవరు తీసుకుని షాపు మీదికెళ్ళాను. వాడు తెల్లబోయి, "పైమడత మీద రాశాను సార్, వారానికొకటే అని. ఎర్రపెన్నుతో రాశాను" అన్నాడు. నా చేతిలో కవరుకి పైమడత లేదు. తెరిచిన కవరుకి పైమడత ఉండదు. జిగురు పూసి అంటించడానికి, చింపి తెరవడానికి పుట్టింది అది. లక్షల కవర్లు వేసిన నాకు తెలియదా? అక్కడ ఎవడైనా రాస్తాడా? బజారంతా వినబడేలా అబద్ధాలకోరని తిట్టి, వాడి మెట్ల మీద ఉమ్మేసి వచ్చాను. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

ఇదంతా నేను నర్సమ్మకి చెప్పలేదు. ఆమె నా కాగితం మీద పదికి పది వేసి, "మీలాంటి వాళ్ళు నలుగురికి చెప్పాలండీ" అంది. నలుగురి ముఖాలూ నేను పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాను.

అప్పుడే మందుల కిటికీ దగ్గర గొంతు వినబడింది. ముప్పై రెండేళ్ళు బస్సులో ఇంజను మోతని మించి అరిచిన గొంతు. నా తోడల్లుడు. నా భార్య చెల్లెల్ని చేసుకున్నవాడు. ఉద్యోగం అయిపోయి అయిదేళ్ళయినా చుట్టాలంతా కండక్టరనే అంటారు.

"ముప్పై రోజులకి నాలుగు బిళ్ళలా? అన్యాయం కాదూ? డాక్టరుగారిని పిలవండి!"

నన్ను చూసి గబగబా వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"మీరూ ఇక్కడే ఉన్నారా అన్నయ్యా! మంచిదైంది. చూడండి వీళ్ళ వరస. డాక్టరు నెలకి మందు రాస్తే, ఎదురుషాపువాడు కత్తెర తీసుకుని నాలుగంటే నాలుగు కత్తిరించి నా చేతిలో పెట్టాడు. నెలకింతే అన్నాడు. గురువారం మొదలుపెట్టాం, నిన్నటితో సరి. బస్సు నిండా జనాన్ని ఒక్క చూపులో లెక్కపెట్టినవాణ్ణి, నాకే టోపీ వేస్తాడా? షాపు తెరిచే లోపల ముప్పై అని డాక్టరు చేత రాయించుకుని, అప్పుడు చెప్తా వాడి పని."

"ఎవరికి ఆ మందు?"

"ఇంకెవరికి, మీ మరదలికే. వదినకున్న కీళ్ళజబ్బే దీనికీ పట్టుకుంది."

"బిళ్ళ రంగు?"

"పసుపు. చిన్నది. పప్పుబద్దంత ఉంటుంది."

"నోరు పూసిందా?" అన్నాను.

"మీకెలా తెలుసు? నిన్నట్నుంచి ముద్ద దిగడం లేదు. వేడి చేసిందిలెండి."

"పోయి పోయి ఆ షాపులో ఎందుకు కొన్నావయ్యా?"

"ఈ దగ్గర్లో ఆ బిళ్ళ ఉండేది వాడి దగ్గరే. అయినా నేను ఒళ్ళు దగ్గరపెట్టుకునే కొన్నానన్నయ్యా. వదినకి వాడు తప్పు బిళ్ళలిచ్చాడని మీరు చెప్పారుగా! అందుకని డాక్టరు చీటీ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం పోల్చి చూశాను. అక్షరం తేడా లేదు. సరైన బిళ్ళలే. ఇక భయమేముందని రోజూ నా చేత్తోనే ఇచ్చాను."

తప్పు బిళ్ళలు. అది నా మాటే. పరామర్శకొచ్చిన ప్రతివాడికీ ఒక్క ముక్కలో చెప్పి పంపించేవాణ్ణి: షాపువాడు తప్పు మందిచ్చి చంపాడు. వారానికొకటి వేసుకోవలసినదని, నేను రోజూ ఇచ్చానని ఎవరికీ చెప్పలేదు. తప్పు వాడు చేస్తే సంజాయిషీ నేనెందుకిచ్చుకోవాలి?

నర్సమ్మ దగ్గరికెళ్ళి రెండు మాటల్లో సంగతి చెప్పాను. ఆమె చేతిలో పెన్ను పడేసింది.

"నాలుగు రోజులు వరసగానా? ఉన్నపళంగా తీసుకురండి ఆమెని. వచ్చేటప్పుడు ఖాళీ షీటూ కవరూ తెండి. ఎన్ని వేసుకుందో మాకు ఖాయంగా తెలియాలి. ఈయన లెక్క మీద ఆధారపడలేను."

"నా లెక్కకేమండీ?" అన్నాడు కండక్టరు.

"లేవయ్యా" అన్నాను.

వాళ్ళ ఇల్లు రెండు సందుల అవతల. దారి పొడుగునా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. వారానికొకటి వేసుకునే బిళ్ళ ఎక్కడైనా ఉంటుందా, జబ్బు రోజూ ఉంటే మందు వారానికొకసారా, ఇది కంపెనీవాళ్ళ పిసినారితనం కాకపోతే. అంతసేపూ ఒక్కసారి కూడా భార్యకి ఏమవుతుందని అడగలేదు. సందు చివర మలుపులో అడిగాడు.

"ఏమన్నా అవుతుందా అన్నయ్యా?"

నేను నడక వేగం పెంచాను. అర్థమైంది కాబోలు, వాడు నా వెనకే పరుగెత్తాడు.

మా మరదలు వంటగదిలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నాలుగేళ్ళలో నేను ఆ గుమ్మం తొక్కింది రెండుసార్లు.

"ఓహో, బావగారే! దారి తప్పి వచ్చావా, కావాలనే వచ్చావా?" అంది. మాట ముద్దగా వచ్చింది. దవడ కదిలించడానికి కష్టపడుతోంది.

"నోరు తెరువు."

"ఈ ఇంట్లో నోరు మూసుకోమనేవాళ్ళే గానీ తెరవమన్న మగాడు ఇన్నాళ్ళకి వచ్చాడమ్మా!" నవ్వబోయి, నొప్పికి బుగ్గ పట్టుకుంది.

తెరిచింది. నాలుక అంచుల వెంట, బుగ్గల లోపల తెల్లటి మచ్చలు. చుట్టూ ఎర్రగా పచ్చిపుండు. నేనిది చూశాను. రోజూ పొద్దున్నే గ్లాసు అందిస్తూ చూశాను. ఆమె మింగలేకపోతుంటే, మందు మానితే జబ్బెలా తగ్గుతుందని కసురుకున్నాను కూడా.

"ఆస్పత్రికి పద."

"నోటిపూతకి ఆస్పత్రా? నలుగురూ నవ్వుతారు బావా. నువ్వు కూర్చో, టీ పెడతాను." లేవబోయి ఆగింది. నా ముఖం చూసింది. "అక్కకీ ఇలాగే మొదలైంది కదూ?"

"అవును."

"అక్కకి తప్పు బిళ్ళలు పడి వచ్చింది కదా. నావి సరైనవే అన్నాడుగా ఈయన."

"బిళ్ళలు అవే. అక్కవీ సరైనవే. వారానికి ఒక్కటి వేసుకోవాలి. రోజూ కాదు."

ఆమె మొగుడి వైపు తిరిగింది. వాడు గోడకి అతుక్కుని నిలబడ్డాడు.

"కవరు మీద పొద్దుటి గడిలో టిక్కుందే! నీకూ చూపించాను కదే! నేనేమైనా కల కన్నానా?"

మా మరదలు నా వైపే చూసి, చాలా మామూలుగా అడిగింది. "మరి అక్కకి రోజూ ఎవరిచ్చారు బావా?"

చిక్కుడుకాయల పళ్ళెం ఆమె ఒళ్ళోంచి తీసి గట్టు మీద పెట్టాను.

"చెప్పులేసుకో" అన్నాను.

ఆమె కదల్లేదు. జవాబు కోసం చూస్తోంది. నాకు తెలిసిన మొండితనమే, అక్కచెల్లెళ్ళిద్దరిదీ.

"నేనిచ్చాను" అన్నాను. "ఇప్పుడు వేసుకో."

లేచింది.

కండక్టరు బిస్కట్ల డబ్బా తెచ్చాడు. వాళ్ళ ఇంట్లో మందులన్నీ అందులోనే. ఎవరివి ఏవో, ఎప్పటివో దేవుడికి తెలియాలి. ఒక షీటు ముక్కలో సగం మాత్రలు పొడైపోయి ఉన్నాయి. అడుగున ఖాళీ పసుప్పచ్చ షీటు ముక్క దొరికింది. నాలుగు గుంటలు, నాలుగూ ఖాళీ. కవరు కూడా దొరికింది. నా కవరే. పొద్దుటి గడిలో నీలం టిక్కు. పైమడత లేదు. అంచు అచ్చం టిక్కెట్టు చింపినట్టు తిన్నగా ఉంది. ఉద్యోగం పోయినా చెయ్యి మానలేదు వాడికి.

"పై ముక్క ఏదీ?"

"ఏ ముక్క?"

"కవరు తెరిచినప్పుడు చింపిన ముక్క."

"దాన్నెవరు దాస్తారన్నయ్యా? చెత్తలో వేసుంటాను. చెత్తబండి రాక వారమైంది."

ఎందుకు వెతికానో చెప్పమంటే చెప్పలేను. నర్సమ్మ అడిగింది షీటూ కవరే, అవి రెండూ నా జేబులో ఉన్నాయి. అయినా చెత్తబుట్ట తీసుకుని వంటగది మధ్యలో బోర్లించాను. మరదలు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "ఇల్లు ఊడ్చి అయిదు నిమిషాలు కాలేదు" అంది. టీపొట్టు, తొక్కలు, వెంట్రుకల చిక్కు. ఉల్లిపొట్టు కింద కాగితపు ముక్క ఒకటి మడతపడి కనబడింది. విప్పాను.

ఎర్ర సిరా. 'వారానికి ఒక్కటే. గురువారం మాత్రం. రోజూ వేస్తే ప్రమాదం.' ప్రమాదం కింద రెండు గీతలు. వేలెడు వెడల్పు కూడా లేని చోట అన్ని మాటలూ ఇరికించడానికి వాడు అక్షరాలు చీమల్లా చేశాడు. టీనీళ్ళు తగిలి ఒక పక్క పాకింది గానీ, చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. చదివితే.

"అక్కడ రాస్తే ఎవడికి కనబడుతుంది?" అన్నాడు కండక్టరు నా భుజం మీదుగా చూస్తూ. "రాయదల్చుకున్నవాడు ముందువైపు రాయాలి!"

కవరు తిప్పి ముందువైపు చూశాను. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నా మూడు గళ్ళు. మిగిలిన చోటు ఒక చీమ నడవడానికి కూడా చాలదు.

నాలుగేళ్ళ క్రితం ఆ పొద్దున నేను కవరెలా తెరిచానో నాకు గుర్తుంది. వంటగట్టు దగ్గర నిలబడి, బొటనవేలు మడత కిందికి దూర్చి లాగాను. వచ్చిన ముక్కని ఉండ చుట్టి బుట్టలోకి విసిరాను. అది బుట్ట అంచుకి తగిలి లోపల పడింది. అది కూడా గుర్తుంది. దాని మీద ఎరుపు ఉందో లేదో మాత్రం గుర్తు లేదు. చూడలేదు కాబట్టి.

ముక్కని జేబులో పెట్టుకుని ఆటో పిలిచాను.

ఆస్పత్రిలో నర్సమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆమె మరదల్ని లోపలికి తీసుకెళ్ళింది. రక్తం తీశారు, సూది వేశారు, పరీక్ష వచ్చేదాకా కూర్చోమన్నారు. కండక్టరు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, టిక్కెట్లు అయిపోయిన వాడిలా కూర్చున్నాడు. రెండు గంటలు లోపలి తలుపు వంకే చూశాడు. వాణ్ణి చూసి మొదటిసారి కొంచెం జాలేసింది. అట్టే సేపు కాదు.

డాక్టరు కాగితం పట్టుకుని వచ్చి మమ్మల్ని మరదలి మంచం దగ్గరికి పిలిచాడు.

"రక్తకణాలు తగ్గాయి గానీ పరవాలేదు. విరుగుడు మొదలుపెట్టాం. వారం పది రోజులు ఇక్కడే ఉండాలి. నాలుగుతో అయిపోయాయి కాబట్టి బతికింది. ఇంకో నాలుగైదు ఇంట్లో ఉండి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు. ఆ షాపువాడు లెక్కగా ఇచ్చాడు, పుణ్యాత్ముడు."

"అతనంతేనండీ" అంది నర్సమ్మ, పక్క మీద దుప్పటి సర్దుతూ. "ఆ బిళ్ళ నాలుగుకి మించి ఎవరికీ ఇవ్వడు. ఎంత పోట్లాడినా ఇవ్వడు. నాలుగేళ్ళ క్రితం ఎవరో ఒకావిడ రోజూ వేసుకుని పోయిందట. అప్పట్నుంచి షీటు కత్తిరించే ఇస్తాడు."

ఎవరో ఒకావిడ. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఎదురుగా షాపు కనబడుతోంది. నేను నాలుగేళ్ళుగా వాణ్ణి తిట్టాను. వాడు నాలుగేళ్ళుగా కత్తిరించాడు.

డాక్టరు వెళ్ళాక కండక్టరుకి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు గొంతూ వచ్చింది.

"ఊరుకోకూడదన్నయ్యా. వదిన్ని చంపాడు, దీన్ని చంపబోయాడు. కేసు పెడదాం. మీరు సాక్ష్యం చెప్పండి, ఆ మడత ముక్క చూపిద్దాం. కనబడని చోట రాయడం నేరం కాదూ?"

"కేసే పెట్టాలంటే ముగ్గురి మీద పెట్టాలి" అన్నాను.

"ముగ్గురెవరు?"

"చింపినవాడివి నువ్వు. అంతకుముందు చింపినవాణ్ణి నేను. రాయడానికి చోటివ్వనివాణ్ణీ నేనే. అక్కడికి ఇద్దరమే అయ్యాం. వాడి పేరు రాసుకోవాలంటే నువ్వే రాసుకో."

వాడికి అర్థం కాలేదు. అవుతుందని చెప్పలేదు కూడా. మంచం మీంచి మా మరదలు నా వైపు తల తిప్పింది. మాట్లాడే ఓపిక లేదు. నిద్రపోమన్నట్టు చెయ్యి ఊపాను. పోలేదు. చాలాసేపు అలాగే చూసింది. ఆ చూపులో క్షమించడం లాంటిదేమీ లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు.

విరుగుడు మాత్రలు బయట కొనాలని నర్సమ్మ చీటీ ఇచ్చింది. కండక్టరు చెయ్యి చాచాడు. నేనే తీసుకున్నాను.

షాపు మెట్లు మూడు. ఎక్కాను. కౌంటరు దగ్గర పొద్దుటి తాపీమేస్త్రీ దేనికో నిలబడి ఉన్నాడు. షాపువాడు నన్ను చూసి, చేతిలో కత్తెర అలాగే పట్టుకుని ఆగిపోయాడు. జుట్టు బాగా నెరిసింది వాడికి.

జేబులోంచి ముక్క తీసి గాజుబల్ల మీద పెట్టాను. వాడు వంగి చూశాడు. తన రాత తను పోల్చుకోవడానికి ఎంతసేపు.

"ఎవరికి?" అన్నాడు.

"మా మరదలికి. బతికింది. నాలుగే ఇచ్చావట."

వాడు చీటీ తీసుకుని చదివి, అరలోంచి మందు తీశాడు. కొత్త కవరు తీసి, మూడు గళ్ళ మీద ఒక్క క్షణం పెన్ను ఆడించి, కవరు వెనక్కి తిప్పి పైమడత మీద రాయడం మొదలుపెట్టాడు. ఎర్రపెన్ను. అదే చీమల వరస.

"ఆ రోజు గీత కావాలన్నావు" అన్నాను.

"ఏ రోజు?"

"గళ్ళ కింద. ఖాళీ గీత."

వాడు రాయడం ఆపాడు. "మీరు ఎవడు చదువుతాడన్నారు."

"అన్నాను."

"ఇప్పుడు చదువుతారంటారా?"

"చదవరు" అన్నాను. "అయినా బ్లాకు మార్పిస్తాను. అచ్చాఫీసులో నా మాట ఇంకా వింటారు. ఎంత వెడల్పు కావాలో చెప్పు."

వాడు మెట్ల వైపు ఒకసారి చూశాడు. నేను ఉమ్మిన చోటు అది. నేనూ చూశాను. మరిచిపోయానని వాడు అనలేదు, మరిచిపొమ్మని నేను అడగలేదు. కాసేపటికి కవరు మీద రెండు వేళ్ళు ఆనించి చూపించాడు.

"ఇంత. ఇంకాస్త ఉన్నా మంచిదే."

"ఇంకాస్త పెట్టిస్తాను. సూర్యుడు చిన్నవాడైతే కొంపలేం మునగవు."

పక్కన తాపీమేస్త్రీకి మా మాటలు పట్టలేదు. తన కవరు తీసుకుని, అక్కడే నిలబడి, పళ్ళతో పట్టి పైమడత చింపాడు. ముక్కని తుపుక్కున నేల మీద ఉమ్మేసి, మాత్రలన్నీ అరచేతిలోకి ఒంపుకుంటూ మెట్లు దిగాడు.

వంగి ఆ ముక్క తీశాను. తడిగా ఉంది. 'మూడూ ఒక్కసారి వద్దు' అని ఉంది దాని మీద, ఎర్రగా.

"ఓయ్ మేస్త్రీ! నీ బుర్రలో సిమెంటు పోశారా? ఆగు!" అన్నాను.

ఆగలేదు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా మెట్లు దిగి వాడి వెంటపడ్డాను.